అందించిన జవాబులు

ఉదయం తొమ్మిదీ పదికి జడ్జి మెట్ల మీంచి పడ్డాడు. మెట్లు చెక్కవి, నాటకం కోసం కట్టినవి. పైన గది లేదు. ఒక పలక ఉంది, దాని వెనక ఏమీ లేదు. ఆయన పలక మీద ఆగి, వెనక్కి తిరిగి, మాట మొదలుపెట్టాలి. ఆ ఉదయం రిహార్సల్లో ఒక అడుగు ఎక్కువ వేశాడు. తల వెనక, కుడివైపు, లైటు స్టాండు ఇనప పాదానికి తగిలింది.

ఆయన జడ్జి కాదు, నటుడు. ఎప్పుడో ఒక నాటకంలో జడ్జి వేషం వేస్తే ఆ పేరు ఉండిపోయింది. భార్యది కూడా అదే బృందం. ఆమె పని ప్రాంప్టింగ్. తెర పక్కన నిలబడి, మాట మరిచిన నటుడికి మాట అందించాలి. మిగతా నటులకు ఆమె అవసరం నాటకానికి ఒకటి రెండుసార్లు వచ్చేది. జడ్జికి ప్రతి పేజీలోనూ వచ్చేది. ఆయన మాటలు కంఠతా పట్టేవాడు కాదు. పట్టడం రాదని ఆయన, బద్ధకమని ఆమె.

ఒకసారి చిన్న హాల్లో ముందు వరుసలో కూర్చున్నాయన "అమ్మా, నువ్వే చెప్పెయ్యి, ఆయనెందుకు మధ్యలో" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ తర్వాత ఆమె గొంతు వాడడం మానేసింది. గడ్డం దగ్గర చిన్న లైటు పట్టుకుని పెదవులు మాత్రం కదిపేది. ఆయన ఒక్క చూపు చూసి మాట అందుకునేవాడు. చూసినట్టు ఎవరికీ తెలిసేది కాదు. పక్కన నటించేవాళ్ళకి కూడా.

పడ్డాక ఆయనకు స్పృహ లేనిది నిమిషంలోపే. లేచి కూర్చుని "దీపం ఎవడు తీశాడ్రా?" అన్నాడు. అంబులెన్సులో ఒకసారి వాంతి చేసుకున్నాడు. ఆసుపత్రిలో చేర్చుకునే గదిలో నర్సు పేరడిగితే సరిగ్గా చెప్పాడు.

"ఏం చేస్తుంటారు సార్?"

"ఉరిశిక్షలు వేస్తాను. నిన్ననే ఒకడికి వేశాను."

నర్సు రాస్తున్న పెన్ను ఆపింది.

"నాటకంలో అమ్మా, నాటకంలో," అంది భార్య.

"సార్, ఇక్కడ జోకులు వెయ్యొద్దండీ. నేను మతి తప్పిందని రాసేస్తాను."

"అది పెళ్ళైన కొత్తలోనే రాసేసింది మా ఆవిడ," అన్నాడు జడ్జి. నర్సు నవ్వి, జవాబులు సరైనవేనని రాసింది. ఆ జవాబులు ఆయన సొంతంగా చెప్పినవి. దీంట్లో తర్వాత ఎవరికీ అనుమానం రాలేదు.

స్కాన్ తీశాక సర్జన్ వాళ్ళను చిన్న గదిలోకి పిలిచాడు. అప్పటికి జడ్జి తమ్ముడు వచ్చాడు. అతను లిఫ్టు మెకానిక్. పని మధ్యలోంచి వచ్చాడు, చొక్కా జేబులో స్క్రూడ్రైవర్ ఉంది. గోడ మీది తెరలో తల బొమ్మ. ఎడమ కణత లోపల తెల్లటి మచ్చ.

"మెదడు కమిలింది," అన్నాడు సర్జన్. "దెబ్బ తగిలితే చెంప కమిలినట్టే. చెంపకి వాయడానికి చోటుంది. దీనికి లేదు, చుట్టూ ఎముక."

"తగిలింది వెనక కుడివైపు గదండీ?" అన్నాడు మరిది.

"అవును. లోపల మెదడు ముందుకి కదిలి ఎదుటివైపు ఎముకకి కొట్టుకుంది."

"లిఫ్టు టక్కున ఆగితే జనం తూలి తలుపుకి గుద్దుకున్నట్టు."

"అలాగే." సర్జన్ వేలు తెర మీద నడిచింది. "ఇది మధ్య గీత. రెండు సగాల మధ్య నిలువుగా ఉండాలి. మూడు మిల్లీమీటర్లు పక్కకి జరిగింది. ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి, ఆగి చూడడం. వాపు తగ్గే మందు, తల ఎత్తుగా పెట్టడం, గంటగంటకీ పరీక్ష. ఇలాంటివి చాలా వరకు తెరవకుండానే తగ్గుతాయి. మొదటి రెండు మూడు రోజులు వాపు పెరుగుతుంది, అది దాటాలి. రెండోది, ఎముక తెరిచి, చితికిన భాగం, గడ్డకట్టిన రక్తం తీసెయ్యడం."

"తీసేస్తే అయిపోతుంది గదా," అంది భార్య.

"చితికిన చోటు పక్కనే మాటలు అర్థం చేసుకునే భాగం ఉంది. మాటలు వెతుక్కునే భాగం. మేం బాగున్నదాని జోలికి పోం. కానీ లోపల ఇది బాగున్నది, ఇది చెడ్డది అని గీత గీసి ఉండదమ్మా."

"మాట పోతుందా?"

"పోవచ్చు. కొంత పోయి కొంత తిరిగి రావచ్చు. ఏమీ కాకపోవచ్చు. తెరవకుండా ముందే చెప్పలేను."

"తెరవకపోతే?"

"కణత దగ్గర వాపుతో ఒక చిక్కుంది. ఊపిరి నడిపించే భాగం దాని కింద లోపలికే ఉంటుంది. వాపు అటు జరిగితే మాకు టైమివ్వదు."

మరిది జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "మీ అన్నయ్యకే అయితే ఏం చేస్తారు డాక్టరుగారూ?"

"ఇప్పుడైతే ఆగుతాను. ఆయన మాట్లాడుతున్నారు, అడిగినదానికి జవాబు చెబుతున్నారు. మాటలో తేడా వచ్చిందంటే ఆగను."

ఆగుదామన్నారు ఇద్దరూ.

ఇంటెన్సివ్ కేర్‌లోకి బయటివాళ్ళను రానివ్వరు. కానీ జడ్జి గంటలోపే రెండుసార్లు లేవబోయాడు, చేతికి పెట్టిన సూది లాగేశాడు. మత్తిస్తే నిద్రపోతాడు, నిద్రపోతే పరీక్షకు అర్థం ఉండదు. భార్య వచ్చి నిలబడితే కదలకుండా పడుకున్నాడు. సర్జన్ ఆమెను ఉండమన్నాడు. తలవైపు యంత్రాలున్నాయి కాబట్టి మంచానికి కాళ్ళవైపు నిలబడమన్నాడు. జడ్జి తల ఎత్తుగా పెట్టి ఉంది. కళ్ళు తెరిస్తే ఎదురుగా ఆమె కనిపిస్తుంది.

గంటకోసారి నర్సు వచ్చేది. టార్చి వేసి కంటిపాపలు చూసేది. పేరు, ఎక్కడున్నారు, ఏ నెల అని అడిగేది. రెండు వేళ్ళు చూపించమనేది. జడ్జి పేరు చెప్పాడు. ఆసుపత్రి అన్నాడు. నెల చెప్పాడు. వేళ్ళు చూపించాడు. జవాబుకు ముందు కాస్త ఆగేవాడు. స్టేజి మీద కూడా అలా ఆగడం ఆయనకు అలవాటని, దానికి చప్పట్లు కూడా పడతాయని భార్య నర్సుతో చెప్పింది.

మధ్యాహ్నం దాటాక జోకులు ఆగిపోయాయి. అడిగినదానికి జవాబు తప్ప ఇంకో మాట లేదు.

"అలిసిపోయారు," అంది నర్సు.

"ఈయన అలిసిపోతే ఎక్కువ మాట్లాడతారమ్మా," అంది భార్య. అని, తను అన్నది తనకే నచ్చక, దుప్పటి అంచు సర్దింది.

మూడింటికి రెండో స్కాన్. సర్జన్ ఈసారి గదిలోకి పిలవలేదు. వరండాలోనే నిలబడి చెప్పాడు.

"మచ్చ పెరిగింది. గీత మూడు నుంచి నాలుగుకి జరిగింది. ఐదు దాటితే మిమ్మల్ని అడగను, చెబుతాను. ఇప్పుడు మాత్రం అడుగుతున్నాను, ఎందుకంటే స్కాన్ ఒకటి చెబుతోంది, మనిషి ఇంకొకటి చెబుతున్నారు. బొమ్మ ఇలా ఉంటే ఇన్ని జవాబులు చెప్పలేరు. చెబుతున్నారు. ప్రతిసారీ సరిగ్గా."

"మా అన్నయ్య మొండి ఘటమండీ," అన్నాడు మరిది. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

"ఆపరేషన్ గది సిద్ధంగా ఉంచమన్నాను. మీరేమంటారు?"

భార్య మరిదివైపు చూసింది. మరిది ఆమెను పక్కకు తీసుకెళ్ళాడు.

"వదినా, నా మాట విను. తెరిచిన మిషను మళ్ళీ మొదటిలా ఉండదు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. నడుస్తున్నదాన్ని ముట్టుకోకూడదు. అన్నయ్య మాట్లాడుతున్నాడు. మాట పోయిందనుకో, ఇంక అన్నయ్య ఏం చేస్తాడు? ఇంట్లో కూర్చుని గోడలు చూస్తాడా?"

"నాకు భయంగా ఉంది."

"నాకు లేదా?"

ఆమె సర్జన్ దగ్గరికి వెళ్ళి, మాట్లాడుతున్నంతసేపు ఆగుదామంది. సర్జన్ తలూపాడు. "ఇంకో గంట," అన్నాడు.

ఆమె మళ్ళీ లోపలికి వెళ్ళేసరికి పక్క మంచంలోకి కొత్త రోగి వచ్చాడు. బాగా దగ్గుతున్నాడు. నర్సు ఆమెకు మాస్కు ఇచ్చింది. కట్టుకుని తన చోట నిలబడింది.

నర్సు టార్చి వేసి చూసింది. "సార్, మీ పేరు?"

జడ్జి చెప్పాడు.

"ఎక్కడున్నారు?"

జడ్జి భార్యవైపు చూశాడు. మాస్కు వైపు. చూస్తూ ఉండిపోయాడు. మాట మరిచినప్పుడు తెర పక్కకి చూసే చూపు అది. ఆమెకు ఆ చూపు తెలుసు. అది ఇక్కడ ఎందుకో అప్పటికి తెలియలేదు.

"సార్? ఎక్కడున్నాం మనం?"

అదే సమయానికి పక్క మంచం దగ్గర యంత్రం మోగింది. నర్సు "ఒక్క నిమిషం" అని అటు పరుగెత్తింది. తెర లాగేసింది.

భార్య మంచం పక్కకు వచ్చింది. మాస్కు తియ్యలేదు.

"ఏవండీ. ఇదెక్కడ?"

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎడమ చేత్తో. మాస్కునే చూస్తున్నాడు.

"ఏ నెల ఇది? చెప్పండి."

పెదవులు విడిపోయాయి. "అది," అన్నాడు. "అది... ఇదే."

ఆమె మళ్ళీ కాళ్ళవైపుకు వెళ్ళి నిలబడింది. మాస్కు కిందికి లాగింది. గొంతు రాకుండా, తెర పక్కన నిలబడినప్పటిలా, పెదవులతో కావాలనే ఒక తప్పు జవాబు అందించింది.

"రైల్వే స్టేషన్," అన్నాడు జడ్జి. స్పష్టంగా, స్టేజి గొంతుతో.

ఆమె మంచం రెయిలింగు పట్టుకుంది. పొద్దున్నుంచీ తను పెదవులు కదిపిందా? కదిపినట్టు గుర్తు లేదు. కదపనట్టు కూడా గుర్తు లేదు. ఎవరైనా ఆయన్ని ఒక మాట అడిగి, ఆయన ఆగితే, తన నోరు దానంతటదే కదులుతుంది. ఇన్నేళ్ళుగా అంతే. మరి వేళ్ళు? చూసుకుంది. కుడి చెయ్యి నడుం దగ్గర ఉంది. రెండు వేళ్ళు చాచి ఉన్నాయి.

వరండాలోకి వచ్చి మరిదికి చెప్పింది. అతను మొదట అర్థం చేసుకోలేదు.

"నువ్వు చెబితే అన్నయ్య చెప్పాడా? అంటే?"

"ఆయన చెప్పట్లేదు. నేను చెబుతున్నాను. ఆయన చదువుతున్నారు."

"ఎప్పట్నుంచి?"

"తెలీదు."

మరిది గోడకు ఆనుకున్నాడు. "ఇప్పుడు వెళ్ళి చెబితే కోసేస్తారు," అన్నాడు.

"ఊఁ."

"నువ్వు చెప్పక్కర్లేదు వదినా. మాస్కు కట్టుకుని మామూలుగా నిలబడు. నర్సు మళ్ళీ వచ్చి అడుగుతుంది, తనే కనిపెడుతుంది. నీ మీదికి రాదు. ఈలోపు మందు పనిచేస్తుందేమో."

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"పక్కాయన పని అయ్యాక."

"అదెప్పుడవుతుంది?"

మరిది తలుపు అద్దంలోంచి లోపలికి చూశాడు. తెర సందులో ఇద్దరు నర్సులు, ఒక డాక్టరు దగ్గే మనిషి మీద వంగి ఉన్నారు. టైమివ్వదు అన్న మాట ఆమెకు వినిపిస్తోంది, సర్జన్ గొంతులోనే. భర్త నోట్లో మాట లేకుండా ఇల్లెలా ఉంటుందో ఊహించబోయింది. ఊహ రాలేదు. నిద్రలో కూడా ఏదో ఒకటి మాట్లాడే మనిషి.

"పొద్దున్న ఒప్పుకున్నాం గదా, మాటలో తేడా వస్తే ఆగకూడదని," అంది.

"అప్పుడు తేడా రాలేదు గాబట్టి ఒప్పుకున్నాం."

"నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తా."

"వదినా, మాట పోతే?"

"ముందు మనిషుండాలి గదా!" అంది. అరిచినట్టే అంది. వరండాలో కూర్చున్నవాళ్ళు తలలెత్తారు. ఆమె అప్పటికే నడుస్తోంది. మరిది వెనకే వెళ్ళాడు.

సర్జన్ తన గదిలో ఎవరితోనో ఫోనులో ఉన్నాడు. ఆమె నిలబడే చెప్పింది. తను చేసే పని ఏమిటో, పెదవులు ఎలా కదుపుతుందో, రైల్వే స్టేషన్ సంగతి. సర్జన్ ఫోను పెట్టేశాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది.

"అంటే పొద్దున్నుంచి నేను విన్నది ఆయన్ని కాదు," అన్నాడు. "మిమ్మల్ని." లేచాడు. "మిమ్మల్ని అక్కడ నిలబెట్టింది కూడా నేనే."

మంచం దగ్గర సర్జన్ ఆమెను తలవైపు, యంత్రాల వెనక, ఆయనకు కనపడని చోట నిలబెట్టాడు. మరిదిని బయట ఉండమన్నాడు.

"మీ పేరు?"

చెప్పాడు.

"ఎక్కడున్నారు?"

జడ్జి కాళ్ళవైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. కళ్ళు గది అంతా తిరిగాయి.

"ఎక్కడున్నారు సార్?"

"అది ఇవ్వాలి," అన్నాడు జడ్జి. "దీపం... అది ఇవ్వాలి."

"రెండు వేళ్ళు చూపించండి."

చూపించలేదు. సర్జన్ రెండు చేతులూ ఎత్తి, ముందుకు చాచి చూపించాడు. జడ్జి చూసి అలాగే చాచాడు. ఎడమ చెయ్యి నిలబడింది. కుడి చెయ్యి నెమ్మదిగా, తనకు తెలియకుండానే, దుప్పటి మీదికి దిగిపోయింది.

భార్య యంత్రాల వెనక నిలబడి రెండు చేతులతో నోరు మూసుకుంది. లోపల పెదవులు కదులుతున్నాయి. అరచేతులకు తగులుతున్నాయి.

మూడో స్కాన్ వెంటనే తీశారు. గీత ఆరు మిల్లీమీటర్లు జరిగింది. సర్జన్ అడగలేదు, చెప్పాడు. ఆమె సంతకం పెట్టింది. ఎక్కడ పెట్టాలో మరిది వేలు పెట్టి చూపించాడు.

జుట్టు తీసేసి, మంచం తోసుకుంటూ బయటికి తెచ్చారు. లిఫ్టు దగ్గర ఒక నిమిషం ఆగవలసి వచ్చింది. జడ్జి కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమె కనపడగానే ఆమె నోటివైపు చూశాడు. ఆమె మాస్కు తియ్యలేదు. ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"అన్నయ్యా, నీ వేషం నేను వేసేస్తాలే, నువ్వు తొందరపడకు," అన్నాడు మరిది. తలుపు తెరుచుకుంది, మంచం లోపలికి వెళ్ళింది, తలుపు మూసుకుంది. అప్పుడు అతను గోడవైపు తిరిగి ఏడ్చాడు.

వాళ్ళిద్దరూ ఆపరేషన్ గదుల అంతస్తులో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ఎవరో కాఫీ తెచ్చిచ్చారు. చల్లారిపోయింది. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఇద్దరూ లేచారు. ఒకసారి ఖాళీ స్ట్రెచరు, ఒకసారి నేల తుడిచే మనిషి, ఒకసారి వేరే ఎవరి గురించో చెప్పడానికి వచ్చిన డాక్టరు. ఆ వేరే వాళ్ళు ఏడ్చిన చప్పుడు విని మరిది చెవులు మూసుకున్నాడు.

"నేను ముందే కనిపెట్టాల్సింది," అంది ఆమె.

"నువ్వు కనిపెట్టావు గాబట్టే గదా లోపల ఉన్నాడు," అన్నాడు మరిది. ఆ మాట ఏ అర్థంతో అన్నాడో ఆమె అడగలేదు.

ఆపరేషన్ మూడు గంటలు పట్టింది. సర్జన్ టోపీ తియ్యకుండానే వచ్చాడు. గడ్డకట్టిన రక్తం, చితికిన భాగం తీసేశామన్నాడు. ఎముక వెంటనే పెట్టలేదు, వాపు తగ్గాక పెడతామన్నాడు. రక్తస్రావం ఆగింది.

"ఇంకో గంట ఆలస్యమైతే?" అని మరిది అడిగాడు.

"తెలీదు," అన్నాడు సర్జన్.

"మాట?" అంది ఆమె.

"అదీ తెలీదమ్మా. చితికిన దాంట్లో ఆ భాగం అంచు కొంత ఉంది."

మర్నాడు ఉదయం తీసిన స్కాన్‌లో మధ్య గీత ఒక మిల్లీమీటరు తేడాతో తన చోట ఉంది. రెండు కంటిపాపలూ సమానంగా ఉన్నాయి. మత్తుమందు తగ్గించాక జడ్జి కళ్ళు తెరిచాడు. నర్సు భార్యను గది బయట ఉండమని, తలుపు వేసి, కుడి చెయ్యి ఎత్తమని అడిగింది. రెండోసారి అడిగినప్పుడు మంచం మీంచి బెత్తెడు ఎత్తాడు. గొంతులో ఊపిరి గొట్టం ఉన్నందున మాట పరీక్షించలేదు.